గూగుల్‌తో లాగిన్, ఫేస్‌బుక్‌తో లాగిన్: ఆ బటన్లు నొక్కొచ్చా? (కంపెనీ మారుతున్నాను, తొందరగా చెప్పండి)

హోప్‌ఫార్మ్_హరిత
శనివారం, ఉదయం 10:12

అందరికీ నమస్తే. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. ఈ నెలాఖరుకు మానేసి మాన్యతా టెక్ పార్కులో ఇంకో చోట చేరుతున్నాను. (ఇల్లు హోప్‌ఫార్మ్ దగ్గర, ఆఫీసు మాన్యతాలో. ఆ ప్రయాణం గురించి ఎవరూ ఏమీ అనకండి, ఇంట్లో రోజూ వింటూనే ఉన్నాను.)

చివరి రోజు సాయంత్రం ఆఫీసు మెయిల్ మూసేస్తామని హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది. అప్పుడు కూర్చుని చూసుకుంటే, డిజైన్లు చేసుకునే సైటు, ఆన్‌లైన్ కోర్సుల సైటు, నోట్సు రాసుకునే యాప్, అన్నిట్లోకీ 'గూగుల్‌తో కొనసాగండి' బటన్ నొక్కి ఆఫీసు ఖాతాతోనే వెళ్తున్నాను. మెయిల్ పోతే ఇవన్నీ పోతాయా? కోర్సులు నా సొంత డబ్బుతో కొన్నవి.

రెండో ప్రశ్న. సొంత ఖాతాకు మార్చుకునేటప్పుడు ఏ బటన్ నొక్కాలి? మా ఆయన అన్నిటికీ గూగుల్ అంటారు. మా మరిది ఆ బటన్ల జోలికే పోవద్దంటాడు. భోజనాల దగ్గర ఇద్దరూ వాదించుకున్నారు, పప్పు చల్లారింది గానీ విషయం తేలలేదు.

టిన్‌ఫ్యాక్టరీ_శీను
శనివారం, ఉదయం 10:20

పోతాయి అక్కా. మెయిల్ ఐడీ పోతే అన్నీ పోయినట్టే. సొంత జీమెయిల్‌తో కొత్తగా మొదలుపెట్టుకోండి.

రెండోదానికి మా బావగారి మాటే కరెక్టు. ఇన్ని పాస్‌వర్డులు ఎవరికి గుర్తుంటాయి? నొక్కామా, లోపలికి వెళ్లామా, అంతే.

ప్యాకెట్_పంతులు
శనివారం, ఉదయం 11:05

శీను చెప్పింది సగం నిజం. నేను చాలాకాలంగా లాగిన్‌లు కట్టే పనిలోనే ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక ఉంటే చదవండి.

ఆ బటన్ నొక్కగానే మీ పాస్‌వర్డ్ ఆ సైటుకు వెళ్తుందని చాలామంది అనుకుంటారు. వెళ్లదు. మన అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఫ్లాటుకు ఫోన్ చేసి 'ఫలానా ఆయన వచ్చారు, పంపమంటారా' అని అడుగుతాడు చూడండి, ఇదీ అలాంటిదే. సైటు మిమ్మల్ని గూగుల్ దగ్గరికి పంపుతుంది. పాస్‌వర్డ్ ఏదైనా ఉంటే అక్కడే కొడతారు. 'ఈమె మా దగ్గర ఫలానా నంబరు ఖాతాదారు' అని గూగుల్ సంతకం పెట్టి ఒక చీటీ ఇస్తుంది. దాన్నే టోకెన్ అంటారు. సైటు ఆ సంతకం సరిచూసుకుని లోపలికి రానిస్తుంది.

దీని వెనక ఉన్న నియమాల పేరు ఓఆత్ 2.0. 2012 అక్టోబరులో వచ్చింది. అసలు అది తయారైంది లాగిన్ కోసం కాదు, 'నా ఫోటోలు ఈ యాప్ చూడొచ్చు' లాంటి అనుమతుల కోసం. జనం దాన్నే లాగిన్‌కు వాడేస్తుంటే, 2014 ఫిబ్రవరిలో దాని మీద ఓపెన్‌ఐడీ కనెక్ట్ అనే పొర వేశారు. 'ఈ మనిషి ఎవరు' అని చెప్పే పని దానిది.

హరితగారి విషయానికి వస్తే, ఇక్కడ ముఖ్యమైనది ఆ నంబరు. పద్ధతిగా కట్టిన సైటు మిమ్మల్ని మెయిల్‌తో కాకుండా గూగుల్ ఇచ్చిన నంబరుతో గుర్తుపడుతుంది. ఆఫీసువాళ్లు మీ ఖాతా మూసేస్తే గూగుల్ ఆ చీటీ ఇవ్వదు. సైటులో మీ కోర్సులు అలాగే ఉంటాయి, మీరు వెళ్లే దారే ఉండదు. అందుకని ఆఫీసు మెయిల్ ఇంకా తెరుచుకుంటున్నప్పుడే ఒక్కో సైటులోకి వెళ్లి, సెట్టింగ్స్‌లో ముందు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోండి. ఆ తర్వాత మెయిల్‌ను మీ సొంత జీమెయిల్‌కు మార్చండి. ఆపైన ఆఫీసు గూగుల్ ఖాతాతో ఉన్న లింకు తెంచండి. చాలా సైట్లు పాస్‌వర్డ్ లేకుండా ఆ లింకు తెంచనివ్వవు, అందుకే ఈ వరస.

పాస్‌వర్డ్ పెట్టుకునే చోటు కనపడకపోతే, బయటికి వచ్చి 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కండి. ఆ లింకు ఆఫీసు మెయిల్‌కే వస్తుంది. చివరి రోజు సాయంత్రం దాటితే ఈ దారి కూడా మూసుకుపోతుంది. సర్టిఫికెట్లు మాత్రం ఇవాళే పీడీఎఫ్‌లుగా దించుకోండి.

ఈసిటీ_అడ్మిన్
శనివారం, మధ్యాహ్నం 12:31

ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీకి ఈ మెయిల్ ఖాతాలు చూసుకునేది నేనే. పంతులుగారు మర్యాదకు వదిలేసిన మాటలు నేను చెబుతాను.

ఒకటి. ఆఫీసు గూగుల్ ఖాతాతో మీరు ఏ బయటి యాప్‌లోకి వెళ్లారో అడ్మిన్‌కు కనపడుతుంది. మీ మెయిళ్లు కూర్చుని చదువుతామని కాదు. ఏ యాప్‌కు ఎవరు అనుమతి ఇచ్చారన్నది లాగ్‌లో ఉంటుంది. ఉద్యోగాలు వెతికే సైట్లలోకి, పెళ్లిసంబంధాల సైట్లలోకి ఆఫీసు ఖాతాతో వెళ్లేవాళ్లు ఉన్నారు. చూసి మేమే సిగ్గుపడి పేజీ మూసేస్తాం.

రెండోది దీనికంటే పెద్దది. మనిషి మానేశాక ఆయన మెయిల్ చాలా కంపెనీల్లో వెంటనే మాయమైపోదు. క్లయింట్ల మెయిళ్లు పోకూడదని కొన్నాళ్లు మేనేజరుకో, ఆ సీట్లోకి వచ్చిన కొత్త మనిషికో మళ్లిస్తారు. అప్పుడు మీ నోట్సు యాప్‌లో ఎవరైనా 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కితే ఆ లింకు ఎవరి చేతికి వెళ్తుంది? ఎవరో దొంగ అక్కర్లేదు, ఆ పెట్టె ఎవరి దగ్గరుంటే వాళ్లదే ఆ ఖాతా. కాబట్టి సైటులో మెయిల్ మార్చకుండా వదిలేయకండి.

ఇంకో మాట. కంపెనీ డబ్బు కట్టిన టీమ్ ఖాతాలో ఉన్న డిజైన్లు కంపెనీవే. వాటిని సొంత ఖాతాకు కాపీ చేసుకుంటే మా దగ్గర లీగల్ టీమ్ ఫోన్ చేస్తుంది. కోర్సులు మీవి, దించుకోండి.

హెచ్‌ఎస్సార్_స్టార్టప్
శనివారం, మధ్యాహ్నం 1:15

అన్నా, కంపెనీయే మూతపడితే? మా హెచ్‌ఎస్సార్ లేఅవుట్‌లో అది నెలకోసారి చూసే సినిమా.

ఈసిటీ_అడ్మిన్
శనివారం, మధ్యాహ్నం 1:40

మంచి ప్రశ్న. 2025 జనవరిలో ట్రఫుల్ సెక్యూరిటీ అనే సంస్థ బయటపెట్టిన విషయం సరిగ్గా ఇదే. మూతపడిన స్టార్టప్ తన వెబ్ చిరునామాకు డబ్బు కట్టడం మానేస్తుంది. దాన్ని ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవాడు ఆ చిరునామా మీద పాత ఉద్యోగుల పేర్లతోనే మెయిళ్లు మళ్లీ తెరిచి, 'గూగుల్‌తో లాగిన్' నొక్కితే, కొన్ని సైట్లు పాత ఖాతాల్లోకి రానిచ్చేశాయి. స్లాక్, నోషన్, జూమ్ లాంటి ఆఫీసు పనుల సైట్లను వాళ్లు పరీక్షించి చూపించారు. జీతాలు, ఇంటర్వ్యూల వివరాలు ఉండే హెచ్‌ఆర్ సైట్లు కూడా అందులో ఉన్నాయి.

పంతులుగారు చెప్పిన 'నంబరు'ను వదిలేసి మెయిల్ పేరును, కంపెనీ చిరునామాను మాత్రమే చూసే సైట్లతో వచ్చిన తిప్పలివి. గూగుల్ మొదట దీన్ని సరిచేయాల్సిన లోపం కాదంది. తర్వాత మళ్లీ తెరిచి, కనిపెట్టినవాళ్లకు 1,337 డాలర్ల బహుమతి ఇచ్చింది. ఇంత పెద్ద విషయానికి ఆ సొమ్ము చూస్తే నవ్వొస్తుంది, కోరమంగళలో ఒక గదికి అడ్వాన్సు కూడా రాదు.

మడివాల_మాలతి
శనివారం, సాయంత్రం 4:50

ఆఫీసు ఖాతా గొడవ సరే. నేను హరిత మరిది పక్షం. సొంత ఖాతాతో కూడా నొక్కొద్దనే అంటాను.

2018 సెప్టెంబరులో ఫేస్‌బుక్‌లో ఏం జరిగిందో గుర్తుందా? మన ప్రొఫైల్ వేరేవాళ్లకు ఎలా కనపడుతుందో చూసుకునే 'వ్యూ యాజ్' అనే సదుపాయంలో లోపం ఉంది. దాంట్లోంచి టోకెన్లే ఎత్తుకెళ్లారు. ముందు 5 కోట్ల ఖాతాలన్నారు, తర్వాత లెక్క తేల్చి సుమారు 3 కోట్లన్నారు. ముందుజాగ్రత్తగా మొత్తం 9 కోట్ల మందిని లాగవుట్ చేశారు. పాస్‌వర్డ్ ఎంత గట్టిదైతే ఏం లాభం, వాళ్లకు దానితో పనే పడలేదు.

అదే ఏడాది మార్చిలో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే ఎన్నికల ప్రచార కంపెనీ గొడవ. ఒక క్విజ్ యాప్‌లోకి ఫేస్‌బుక్‌తో లాగినైన పాపానికి వాళ్ల ఫ్రెండ్సు వివరాలు కూడా పోయాయి. మొత్తం 8.7 కోట్ల మంది దాకా అన్నారు. మన దేశంలో ఆ యాప్ పెట్టుకున్నది 335 మంది. వివరాలు పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్ చెప్పింది 5.62 లక్షల మందివి. ఆ 335 మంది బటన్ నొక్కితే లక్షల మంది అనుభవించారు.

ఒక్క ఖాతా పోతే వందచోట్ల తలుపులు తెరుచుకుంటాయి. విడివిడిగా పాస్‌వర్డులు పెట్టుకుంటే పోయినా ఒక్కటే పోతుంది.

ప్యాకెట్_పంతులు
శనివారం, సాయంత్రం 5:35

మాలతిగారూ, అంకెలన్నీ సరైనవే. రెండు మాటలు చేర్చాలి.

2018 టోకెన్ల దొంగతనంలో బయటి యాప్‌లలోకి దూరిన ఆనవాళ్లు కనపడలేదని ఫేస్‌బుక్ తర్వాత చెప్పింది. దూరే వీలు మాత్రం ఉంది, అది నేనూ ఒప్పుకుంటాను. ఇక ఫ్రెండ్సు వివరాలు లాగే పద్ధతికి 2014లోనే కొత్త యాప్‌లకు తలుపు మూశారు. ఆ క్విజ్ అంతకుముందుది. ఇప్పుడు ఆ బటన్ నొక్కితే మామూలుగా వెళ్లేవి పేరు, ఫోటో, మెయిల్. అంతకంటే ఎక్కువ అడిగితే తెర మీద చెప్పాలి.

రెండో వైపు కూడా చూడండి. 2017 మేలో జొమాటో నుంచి 1.7 కోట్ల మంది వివరాలు పోయాయి. అప్పుడు కంపెనీ ఏం చెప్పిందంటే, మా వాడుకదారుల్లో 60 శాతం మంది గూగుల్, ఫేస్‌బుక్‌లతో లాగినయ్యేవాళ్లే, వాళ్ల పాస్‌వర్డులు మా దగ్గర లేనే లేవు అని. సొంతంగా పాస్‌వర్డ్ పెట్టుకున్న మిగతా 40 శాతం మందే మార్చుకోవాల్సి వచ్చింది. లేనిదాన్ని దొంగ ఎత్తుకెళ్లలేడు.

విడివిడి పాస్‌వర్డులు మంచివే, నిజంగా విడివిడిగా ఉంటే. మనవాళ్లు పెట్టే విడివిడి పాస్‌వర్డులు ఎలా ఉంటాయో మీకూ తెలుసు. పిల్లవాడి పేరు, పుట్టిన సంవత్సరం, చివర్లో సైటును బట్టి ఒక అక్షరం.

మడివాల_మాలతి
శనివారం, సాయంత్రం 5:52

నావి అలా ఉండవు. పాస్‌వర్డ్ మేనేజరు వాడతాను, సైటుకో గట్టి పాస్‌వర్డ్ పుట్టించి తనే గుర్తుపెట్టుకునే యాప్ అది. వాడనివాళ్ల కోసం వాడేవాళ్లు ఎందుకు తగ్గాలి?

ప్యాకెట్_పంతులు
శనివారం, సాయంత్రం 6:03

అయితే మీరు తగ్గనక్కర్లేదు. మీలాంటివాళ్లకు ఆ బటన్‌తో ఒరిగేది తక్కువే.

బీటీఎం_బుల్లోడు
శనివారం, రాత్రి 8:18

ఫేస్‌బుక్ లాగిన్‌ను తిట్టకండి బ్రో. 2020 సెప్టెంబరులో పబ్జీ బ్యాన్ అయింది కదా. 2021 జులైలో దాని బదులు బీజీఎంఐ అనే గేము వచ్చినప్పుడు ఫేస్‌బుక్, ట్విటర్ లింకు ఉన్నవాళ్ల స్కిన్లన్నీ (గేములో మన బొమ్మకు, తుపాకులకు వేసే వేషాలు) కొత్త గేములోకి వచ్చేశాయి. మా పీజీలో ఆ రోజు పండగ.

టిన్‌ఫ్యాక్టరీ_శీను
శనివారం, రాత్రి 8:25

పాయింటే. ఫేస్‌బుక్‌లో పోస్టులు పెట్టేవాళ్లు తగ్గిపోయారు గానీ, ఖాతా మూసేద్దామంటే ఆ స్కిన్లు అడ్డం.

సర్జాపూర్_సుధ
శనివారం, రాత్రి 9:02

నవ్వకండి, నాది నిజమైన సమస్య. ఎవరి తప్పన్నది పక్కనపెట్టి జరిగింది చెబుతాను. నాకు ఒక సోషల్ మీడియా ఖాతా ఉండేది. దాంతోనే పాటల యాప్, ప్రయాణాల యాప్, ఇంటి అద్దెల సైటు అన్నిట్లోకీ వెళ్లేదాన్ని. ఒకరోజు 'నియమాలు ఉల్లంఘించారు' అని ఆ ఖాతా మూసేశారు. ఏ నియమమో చెప్పలేదు. అప్పీలు పెట్టుకుంటే యంత్రమే జవాబిచ్చింది. మాట్లాడదామంటే మనిషి లేడు, ఫోన్ నంబరు లేదు, ఇందిరానగర్‌లో వెళ్లి నిలబడడానికి ఆఫీసూ లేదు. పాటల యాప్‌వాళ్లు మెయిల్ చూసి మార్చి ఇచ్చారు. అద్దెల సైటువాళ్లు ఇప్పటికీ ఇవ్వలేదు, ఓనరుతో నేను మాట్లాడుకున్న చాట్లన్నీ అందులోనే ఉన్నాయి.

అందుకని దొంగల భయం కంటే నాకు ఈ భయమే ఎక్కువ. గూగుల్ అయినా, ఫేస్‌బుక్ అయినా, 'నీ ఖాతా మూసేశాం' అంటే మనం ఏం చేయగలం?

ప్యాకెట్_పంతులు
శనివారం, రాత్రి 9:40

దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు, సుధగారు చెప్పడం మంచిదైంది. సోషల్ మీడియా ఖాతా మీద మనం రాతలు పెడతాం, ఫోటోలు పెడతాం, ఎవరో రిపోర్టు కొడతారు. మూతపడే కారణాలు దానికి ఎక్కువ. మెయిల్ ఖాతాకు తక్కువ. అసలు లేవని కాదు. అందుకే పోస్టులు పెట్టే ఖాతాను తాళంచెవిగా వాడొద్దని నా సలహా. అది ఫేస్‌బుక్ మీద కోపంతో చెప్పేది కాదు.

ఏ బటన్‌తో చేరినా, చేరిన రోజే ఆ సైటులో రెండో దారి ఒకటి పెట్టుకోండి. పాస్‌వర్డో, ఇంకో మెయిలో, ఫోన్ నంబరో. సైటు రెండో దారి పెట్టుకోనివ్వకపోతే అక్కడ విలువైనదేదీ దాచకండి.

మూతపడకపోయినా ఆగిపోయే రోజులు ఉంటాయి. 2020 డిసెంబరు 14 సాయంత్రం గూగుల్ లాగిన్ ముప్పావుగంట పాటు పనిచేయలేదు. 2021 అక్టోబరు 4 రాత్రి ఫేస్‌బుక్ ఆరు గంటలకు పైగా ఇంటర్నెట్‌లోనే కనపడకుండా పోయింది. ఆ రాత్రి ఫేస్‌బుక్ బటన్‌తో వెళ్లే బయటి సైట్లవాళ్లు కూడా గుమ్మంలోనే ఆగిపోయారు.

కె.ఆర్.పురం_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:30

అందరికీ శుభోదయం. నేను రిటైరైన లెక్కల మాస్టారిని, మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. మీ చర్చ అంతా చదివాను, చాలావరకు అర్థమైంది. మూడు సందేహాలు.

పేపరు చదువుదామని ఏ వెబ్‌సైటు తెరిచినా కుడిచేతి వైపు పైన ఒక పెట్టె వచ్చి, నా పేరు, ఫోటో, మెయిల్ చూపిస్తుంది. అంటే నేనెవరో ఆ సైటుకు అప్పటికే తెలిసిపోయినట్టేనా?

అనుమతి అడిగే తెరలో ఏం చదవాలి? అక్షరాలు చిన్నవి, మా అబ్బాయి 'ఓకే కొట్టు నాన్నా' అంటాడు.

గూగుల్ పెట్టె లాంటిదే దొంగ పెట్టె పెడితే పోల్చుకోవడం ఎలా?

ప్యాకెట్_పంతులు
ఆదివారం, ఉదయం 8:10

మాస్టారూ, నమస్కారం. మీ అబ్బాయికంటే మీరే జాగ్రత్తగా ఉన్నారు.

ఆ పెట్టెను గీసేది గూగుల్, సైటు కాదు. మీరు అప్పటికే బ్రౌజర్‌లో గూగుల్‌లో ఉన్నారు కాబట్టి అది మీకు మీ పేరు చూపిస్తుంది. మీరు నొక్కేదాకా సైటుకు మీ పేరు, మెయిల్ చేరవు. విసుగ్గా ఉంటే గూగుల్ ఖాతా సెట్టింగ్స్‌లో, బయటి యాప్‌ల లింకులు ఉండే చోట, ఈ సైన్-ఇన్ పెట్టెలు రాకుండా ఆపేయొచ్చు.

అనుమతి తెరలో 'మీ పేరు, ఫోటో, మెయిల్ చిరునామా' అని ఉంటే అది లాగిన్. 'మీ మెయిళ్లు చదవడం, పంపడం', 'కాంటాక్టులు చూడడం', 'డ్రైవ్‌లో ఫైళ్లు చూడడం, తీసేయడం' అని ఉంటే అది వేరే బేరం. వార్తల సైటుకు మీ మెయిళ్లతో ఏం పని? వెనక్కి వచ్చేయండి. 2017 మే నెలలో జరిగింది ఇదే. గూగుల్ డాక్స్ అని పేరు పెట్టుకున్న ఒక దొంగ యాప్, తెలిసినవాళ్ల దగ్గర్నుంచి వచ్చినట్టు మెయిల్ పంపించేది. నొక్కితే అసలైన గూగుల్ పేజీయే వచ్చేది, పాస్‌వర్డ్ ఎవరూ దొంగిలించలేదు. జనమే 'అనుమతించు' నొక్కి మెయిళ్లు, కాంటాక్టులు అప్పగించారు. గూగుల్ గంటలోపే ఆపేసింది, అప్పటికే చాలామందికి పాకింది.

దొంగ పెట్టె విషయం కష్టమైనదే. పేజీలోనే కిటికీ బొమ్మ గీసి, పైన అసలు గూగుల్ చిరునామా కూడా రాసేస్తారు. 2022 నుంచి ఇది బాగా వినపడుతోంది. కంప్యూటరులో అయితే ఆ కిటికీని పట్టుకుని బ్రౌజర్ అంచు దాటించి లాగి చూడండి. అసలైనది బయటికి వస్తుంది, బొమ్మ రాదు. ఇంకో గుర్తు, మీరు అప్పటికే గూగుల్‌లో ఉన్నా మళ్లీ పాస్‌వర్డ్ అడుగుతుందంటే అనుమానించాలి. మాలతిగారి లాగా పాస్‌వర్డ్ మేనేజరు వాడేవాళ్లకు అది దొంగ పేజీలో పాస్‌వర్డ్ నింపదు, అదో కాపలా.

మడివాల_మాలతి
ఆదివారం, ఉదయం 8:44

చివరికి మేనేజరు దగ్గరికే వచ్చారు.

సర్జాపూర్_సుధ
ఆదివారం, ఉదయం 9:30

ఇంకో ఇబ్బందికరమైన ప్రశ్న. పెళ్లిసంబంధాల యాప్‌లోకి ఫేస్‌బుక్‌తో వెళ్తే అక్కడున్న మా మేనమామలకూ, పిన్నులకూ తెలుస్తుందా? (స్నేహితురాలి కోసం అడుగుతున్నాను. నిజంగానే స్నేహితురాలి కోసం.)

ప్యాకెట్_పంతులు
ఆదివారం, ఉదయం 10:05

గోడ మీద తనంతట తాను పోస్టు పెట్టదు. యాప్‌లు మన పేరుతో పోస్టులు పెట్టే అనుమతినే 2018లో ఫేస్‌బుక్ తీసేసింది. పదేళ్ల కిందట గేములు మన పేరుతో చుట్టాలందరికీ పంపిన పిలుపులు గుర్తుపెట్టుకుని జనం ఇంకా భయపడతారు. పిన్నులకు తెలియదు. ఫేస్‌బుక్‌కు మాత్రం తెలుస్తుంది, మీ స్నేహితురాలు ఏ యాప్‌లోకి ఎప్పుడు వెళ్లిందో. బయటి సైట్లు మన గురించి పంపే సమాచారాన్ని చూసుకుని తెంచుకునే సదుపాయం 2020 జనవరి నుంచి అందరికీ ఉంది, సెట్టింగ్స్‌లో వెతకమనండి.

ఐఫోన్ ఉంటే 'ఆపిల్‌తో సైన్ ఇన్' మేలు. 2019లో వచ్చింది. 'నా మెయిల్ దాచు' అంటే ఒక ఉత్తుత్తి చిరునామా పుట్టించి ఆ సైటుకు ఇస్తుంది, దానికి వచ్చిన మెయిళ్లు మన పెట్టెకు మళ్లిస్తుంది. సంబంధం కుదిరాక ఆ చిరునామా ఆపేయొచ్చు, 'మీకు తగిన వరులు' అని బారసాల దాకా మెయిళ్లు రావు.

హెచ్‌ఎస్సార్_స్టార్టప్
ఆదివారం, ఉదయం 10:40

ఇంత గోల ఎందుకన్నా, ఫోన్ నంబరు కొట్టి ఓటీపీతో వెళ్తే అయిపోదా? మన దేశంలో సగం యాప్‌లు అంతే కదా.

ఈసిటీ_అడ్మిన్
ఆదివారం, ఉదయం 11:20

నంబరు కూడా మనది కాదు తమ్ముడూ, టెలికాం కంపెనీది. రీచార్జి మానేసి నంబరు పూర్తిగా రద్దయితే, 90 రోజుల తర్వాత దాన్ని ఇంకొకరికి ఇవ్వొచ్చు. బెంగళూరు వచ్చి కొత్త సిమ్ తీసుకుని, ఊళ్లో వాడిన పాత నంబరు వదిలేసేవాళ్లు చాలామంది. ఆ పాత నంబరుతో తెరిచిన యాప్‌ల ఓటీపీలు కొత్త ఓనరుకు వెళ్తాయి. నంబరు వదిలే ముందు అన్ని చోట్లా మార్చుకోండి.

హోప్‌ఫార్మ్_హరిత
ఆదివారం, సాయంత్రం 6:15

అందరికీ థాంక్స్. నిన్నా ఇవాళా కూర్చుని చేశాను. కోర్సుల సైటులో పంతులుగారు చెప్పిన వరసలోనే పని జరిగింది. పాస్‌వర్డ్, తర్వాత మెయిల్, తర్వాత లింకు తెంచడం. నోట్సు యాప్‌లో పాస్‌వర్డ్ పెట్టే చోటు లేదు, 'మర్చిపోయాను' దారిలోనే వెళ్లాల్సి వచ్చింది. డిజైన్ల సైటు మాత్రం మెయిల్ మార్చనివ్వడం లేదు, 'మీ సంస్థ అడ్మిన్‌ను సంప్రదించండి' అంటోంది.

ఈసిటీ_అడ్మిన్
ఆదివారం, సాయంత్రం 6:40

అది కంపెనీ టీమ్ కింద చేరిపోయింది. మీరు సొంతంగా చేసుకున్నవి (పిల్లల పుట్టినరోజు కార్డుల లాంటివి) ఉంటే మీ అడ్మిన్‌కు, మేనేజరుకు మెయిల్ పెట్టి, అనుమతి తీసుకుని దించుకోండి. సొంత ఖాతా కొత్తగా తెరవడమే. ఆ మెయిల్ ఉంచుకోండి, తర్వాత ఎవరూ అడగలేరు.

పోయే ముందు ఇంకో పని, ఆఫీసు ల్యాప్‌టాప్ క్రోమ్‌లో సొంత జీమెయిల్ పెట్టి ఉంటే తీసేయండి. పాస్‌వర్డులు కూడా దాంట్లో సేవ్ అయి ఉంటాయి.

టిన్‌ఫ్యాక్టరీ_శీను
ఆదివారం, రాత్రి 7:30

ఇంతకీ ఏ బటన్ అన్నది తేల్చలేదు.

ప్యాకెట్_పంతులు
ఆదివారం, రాత్రి 8:00

నేను చేసేది చెబుతాను, మాలతిగారు ఒప్పుకోరు. వంటల సైట్లు, కోర్సులు, షాపింగ్ లాంటి వాటికి సొంత గూగుల్ ఖాతా. ఆ ఖాతాకు రెండంచెల తనిఖీ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌లో కూడా ఒప్పుకోవాలి) పెట్టాను, ఫోన్ పోతే వాడే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసి ఇంట్లో బీరువాలో ఉంచాను. డబ్బు, ఆరోగ్యం, స్థలాల కాగితాలు ఉండే చోట విడిగా పాస్‌వర్డ్, వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ తాళంతోనే లోపలికి వెళ్లే పద్ధతి). ఆఫీసు ఖాతా ఆఫీసుకే. గూగుల్ ఖాతాలో బయటి లింకుల జాబితా అప్పుడప్పుడూ తెరిచి, పేరు కూడా గుర్తులేని వాటిని తెంచేస్తాను. లింకు తెంచితే ఆ సైటులో మన వివరాలు చెరిగిపోవని గుర్తుంచుకోండి. అక్కడికి వెళ్లి ఖాతా తీసేయడం వేరే పని.

మడివాల_మాలతి
ఆదివారం, రాత్రి 8:12

ఒప్పుకోను. కానీ రెండంచెల తనిఖీ లేని గూగుల్ ఖాతాతో నొక్కేవాళ్లకంటే నయం.

కె.ఆర్.పురం_మాస్టారు
ఆదివారం, రాత్రి 8:50

నాకు మదనపల్లెలో ఉండగా తెరిచిన పాత జీమెయిల్ ఒకటి ఉంది. దాన్ని తెరిచి చాలాకాలమైంది. రైతుల సైటు ఒకటి, పద్యాల సైటు ఒకటి దాంతోనే చేరాను. వాడకపోతే తీసేస్తారని మా అబ్బాయి అంటున్నాడు, నిజమేనా?

ప్యాకెట్_పంతులు
ఆదివారం, రాత్రి 9:05

నిజమే మాస్టారూ. రెండేళ్లు ముట్టుకోని సొంత ఖాతాలను తీసేస్తామని గూగుల్ 2023 మేలో ప్రకటించింది, ఆ డిసెంబరు నుంచి మొదలుపెట్టింది. ముందుగా హెచ్చరిక మెయిళ్లు వస్తాయి. అయితే ఆ ఖాతాతో బయటి సైటులోకి 'గూగుల్‌తో లాగిన్' అయినా వాడుతున్నట్టే లెక్క. ఆ పద్యాల సైటుకు ఈమధ్య వెళ్లారా?

కె.ఆర్.పురం_మాస్టారు
ఆదివారం, రాత్రి 9:20

పోయిన సంక్రాంతికి వెళ్లాను. అయితే రెండేళ్లు కాలేదు. రేపు పొద్దున రైతుల సైటులోకి కూడా వెళ్లి వస్తాను.

టిన్‌ఫ్యాక్టరీ_శీను
ఆదివారం, రాత్రి 9:24

మాస్టారూ, నేరుగా ఆ జీమెయిలే ఒకసారి తెరిస్తే పోలా?